రాజుగారి మేడ నుంచి మన గోడ మీదికి

పొద్దున్నే దీపం పెట్టేటప్పుడు లక్ష్మీదేవి పటాన్ని రోజూ చూస్తూనే ఉంటాం. రోజూ చూడటం వల్లనే అసలు చూడటం మానేస్తాం. ఈసారి ఒక్క నిమిషం ఆగి చూడండి. విచ్చిన తామరలో నిలబడిన అమ్మవారు, నాలుగు చేతులు, ఎర్రటి జరీ చీర, పక్కన తొండంతో దండ పట్టుకున్న ఏనుగు, వెనకాల కొలను. మీ ఇంట్లో ఉన్నది సరిగ్గా ఇదే కాకపోయినా దీని కూతురో మనవరాలో అయి ఉంటుంది. మా ఉయ్యూరులో వీరమ్మతల్లి తిరునాళ్ళకి వెలిసే పటాల కొట్లలో ఎన్ని లక్ష్ములు వేలాడుతుంటాయో! అన్నిటికీ తల్లి బొమ్మ ఒకటుంది. 1896లో రాజా రవివర్మ వేసిన లక్ష్మి అది. తెల్లచీర కట్టి, రాతి మీద కూర్చుని వీణ వాయించే సరస్వతి కూడా అదే ఏడాది బొమ్మ.

దేవతల ముఖాలు మనకి పురాణాల్లోంచి వచ్చాయనుకుంటాం గానీ, వాటిలో చాలా భాగం బొంబాయి దగ్గర ఒక అచ్చాఫీసులోంచి వచ్చాయి. ఆ అచ్చాఫీసు కథే రవివర్మ కథలో నాకు ఎక్కువ ఇష్టమైన భాగం.

రవివర్మ 1848 ఏప్రిల్ 29న తిరువాన్కూరు సంస్థానంలోని కిళిమానూరులో పుట్టాడు. తండ్రి సంస్కృత పండితుడు. తల్లి ఉమయాంబ కవయిత్రి. ఆమె రాసిన పార్వతీ స్వయంవరం అనే కావ్యాన్ని ఆమె పోయాక కొడుకే అచ్చు వేయించాడు. పిల్లాడు చిన్నప్పుడు బొగ్గుముక్కతో గోడలనిండా జంతువుల బొమ్మలు గీసేవాడట. మనమైతే సున్నం వేయించిన గోడ పాడుచేశాడని వీపు విమానం మోత మోగించేవాళ్ళం. మేనమామ రాజరాజవర్మ మాత్రం తిట్టకుండా దగ్గర కూర్చోబెట్టుకుని కుంచె పట్టుకోవడం నేర్పాడు. ఆయనా చిత్రకారుడే.

పద్నాలుగో ఏట, 1862లో, మేనమామ ఆ కుర్రాణ్ణి తిరువనంతపురం తీసుకెళ్ళి మహారాజు ఆయిల్యం తిరునాళ్‌కి చూపించాడు. రాజుగారు కోటలో ఉండి నేర్చుకోమన్నారు. నేర్పేవాళ్ళే కరువయ్యారు. అప్పటికి తైలవర్ణాలు మన దేశంలో కొత్త. ఆస్థాన చిత్రకారుడు రామస్వామి నాయుడికి ఆ విద్య వచ్చు గానీ ఈ కుర్రాడికి చెప్పడానికి మనసొప్పలేదు. ఆయన శిష్యుడు ఆరుముగం పిళ్ళై మాత్రం గురువుకి తెలియకుండా రాత్రిళ్ళు వచ్చి రంగులు కలపడం చూపించి వెళ్ళేవాడు. 1868లో థియోడర్ జెన్సన్ అనే పాశ్చాత్య చిత్రకారుడు రాజుగారి బొమ్మ వేయడానికి వస్తే, ఆయన కూడా నేర్పను పొమ్మన్నాడు. పక్కన నిలబడి చూడనిచ్చాడు, అంతే. పక్కింటావిడ పాకం పడుతుంటే గుమ్మంలో నిలబడి చూసి నేర్చుకున్నట్టు, రవివర్మ చూసి చూసి నేర్చుకున్నాడు.

ఈ మధ్యలో, 1866లో, పెళ్ళయింది. పెళ్ళికూతురు భాగీరథీబాయి, మావేలిక్కర రాచకుటుంబం అమ్మాయి. పన్నెండేళ్ళది. ఆమె అక్కలిద్దరూ తిరువాన్కూరు రాజకుటుంబానికి దత్తత వెళ్ళినవాళ్ళు. అంటే రాజుగారి వైపు చుట్టరికం కలిసింది. వాళ్ళ ఆచారం ప్రకారం పెళ్ళయినా ఆడపిల్ల పుట్టింట్లోనే ఉంటుంది, పిల్లలు తల్లి ఇంటివాళ్ళే అవుతారు. వినడానికి మనకి ముచ్చటగానే ఉంటుంది. కానీ భర్త ఊరూరా తిరిగే చిత్రకారుడైతే ఆ ఇంటికి చుట్టంచూపుగానే వస్తాడు కదా. భాగీరథి అయిదుగురు పిల్లల్ని పెంచింది, ఇద్దరు మగపిల్లలు, ముగ్గురు ఆడపిల్లలు. రవివర్మ జీవితచరిత్రలన్నిటిలోనూ ఆమెకి దక్కేవి నాలుగైదు వాక్యాలే.

1873లో మద్రాసు ప్రదర్శనలో, తలలో మల్లెదండ తురుముకుంటున్న నాయర్ స్త్రీ బొమ్మకి బంగారు పతకం వచ్చింది. అదే ఏడు వియన్నాలోనూ గుర్తింపు దక్కింది. ఆ తర్వాత దుష్యంతుడికి ఉత్తరం రాసే శకుంతలని మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ డ్యూక్ కొనుక్కున్నాడు. మోనియర్ విలియమ్స్ తన ఇంగ్లీషు శాకుంతలం పుస్తకానికి దాన్నే ముఖచిత్రంగా వేసుకున్నాడు. ఇక మైసూరు, బరోడా, ఉదయపూరు... రాజులు పిలవడం, ఈయన వెళ్ళడం. తమ్ముడు రాజరాజవర్మ నీడలా వెంట ఉండేవాడు. లెక్కలు, ఉత్తరాలు, ప్రయాణాలు అన్నీ తమ్ముడే. ఆయనా చక్కటి చిత్రకారుడు, ప్రకృతి దృశ్యాలు బాగా వేసేవాడు. అన్నగారి బొమ్మల్లో వెనక కనిపించే కొండల్లో, చెట్లలో ఆయన చెయ్యి ఉందంటారు. 1902లో అన్నదమ్ములిద్దరూ మన హైదరాబాదు కూడా వచ్చారు.

బరోడా మహారాజు శాయాజీరావ్ గైక్వాడ్ 1888లో రామాయణ భారత కథల మీద పద్నాలుగు చిత్రాలు అడిగినప్పుడు రవివర్మకి ఒక చిక్కు వచ్చింది. సీతమ్మకి ఏం కట్టాలి? దమయంతికి ఏం కట్టాలి? మలయాళ దేశంలో ముండు, గుజరాతులో లంగా ఓణీ, మరోచోట మరొకటి. ఏది కట్టినా ఆ బొమ్మ ఆ ఒక్క ప్రాంతానిదే అయిపోతుంది. అందుకని తమ్ముణ్ణి వెంటబెట్టుకుని ఉత్తరదేశమంతా తిరిగాడు. ఎక్కడ ఆడవాళ్ళు ఏం కడుతున్నారో, ఏ నగ పెడుతున్నారో చూశాడు. చివరికి చీరే తేల్చుకున్నాడు. కుచ్చిళ్ళు, పైట, జరీ అంచు. ఈవేళ దేశంలో ఏ మూల అమ్మవారి పటం చూసినా చీరే కనిపించడానికి కారణాల్లో ఈ ప్రయాణం పెద్దది. మన బట్టల బీరువాకీ ఈయనకీ ఇంత సంబంధం ఉందని నాకు చాలాకాలం తెలియదు.

ఆ పద్నాలుగు చిత్రాలూ రాజుగారి మేడకి చేరేముందు జనం చూడటానికి పెట్టారు. బొంబాయిలో తండోపతండాలుగా వచ్చారు. చూసినవాళ్ళకి కొనుక్కోవాలని ఉంటుంది, కొనే తాహతు ఉండదు. ఒక తైలవర్ణ చిత్రం ఒక్కటే ఉంటుంది, అది ఒక్క ఇంటికే వెళుతుంది. తిరువాన్కూరులోనూ, బరోడాలోనూ దివానుగా పనిచేసిన టి. మాధవరావు ఈ మాట ముందే రవివర్మతో అన్నాడు. ఇంతమందికి మీరొక్కరే వేసి ఇవ్వలేరు గనక, కొన్ని బొమ్మల్ని ఐరోపా పంపి రంగుల్లో అచ్చు వేయించండని సలహా ఇచ్చాడు. రవివర్మ ఆ మాట మనసులో పెట్టుకున్నాడు. ఐరోపా పంపడమెందుకు, ఐరోపా యంత్రాలనే ఇక్కడికి తెప్పిద్దామనుకున్నాడు.

1894లో బొంబాయి వ్యాపారి గోవర్ధన్‌దాస్ ఖటావ్ మాఖన్‌జీ భాగస్వామ్యంతో ఘాట్‌కోపర్‌లో ప్రెస్సు మొదలయింది. జర్మనీ నుంచి యంత్రాలు వచ్చాయి, పనివాళ్ళు వచ్చారు. మొదటి అచ్చు శకుంతల జననం. మేనక పసిపిల్లని చూపిస్తుంటే విశ్వామిత్రుడు ముఖం తిప్పుకునే బొమ్మ.

ఆ పని ఎలా జరిగేదో కాస్త చెప్పాలి. పెడన వెళ్ళి కలంకారీ అద్దకం చూసినవాళ్ళకి సులువుగా అర్థమవుతుంది. అక్కడ గీతకి ఒక చెక్క అచ్చు, ఎరుపుకి ఒకటి, పసుపుకి ఒకటి. ఒకదాని మీద ఒకటి వెంట్రుకవాసి తేడా లేకుండా పడాలి. ఇక్కడ చెక్క బదులు రాయి. నున్నగా అరగదీసిన సున్నపురాతి పలక మీద జిడ్డు ఉన్న కడ్డీతో బొమ్మ గీస్తారు, అదీ కుడి ఎడమలు తారుమారుగా. తర్వాత రాతిని తడుపుతారు. జిడ్డున్న చోట నీరు నిలవదు. ఆ పైన సిరా రోలరు తిప్పితే, తడి ఉన్నచోట సిరా అంటదు, జిడ్డు మీదే అంటుకుంటుంది. కాగితం పెట్టి ఒత్తితే బొమ్మ. ఇది ఒక్క రంగుకి. ఒక్కో బొమ్మకి పదికి పైగా రాళ్ళు కావలసి వచ్చేవి. బుగ్గల గులాబీకి ఒక రాయి, చీర నీడకి ఒక రాయి. అన్నీ అయ్యాక, నూనె రంగుల బొమ్మలా మెరవడానికి పైన వార్నిషు పూసేవాళ్ళు. రవివర్మ బొమ్మలని మన అమ్మమ్మల ఇళ్ళలో చెప్పుకునేవి ఇవే.

ఇప్పటి పేరున్న ఆర్టిస్టులు ఇదే రాతి మీద రంగుల బొమ్మ వేస్తే లెక్క వేరుగా ఉంటుంది. యాభయ్యో వందో తీసి, ఒక్కోదాని అంచున పెన్సిలుతో 7/50 అని నంబరు వేసి సంతకం పెడతారు. పారిస్‌లో మూర్లో ప్రెస్సులో పికాసో 1945 నుంచి వేసినవి చాలామటుకు యాభై చొప్పునే. ఆ తర్వాత రాతి మీద బొమ్మ చెరిపేస్తారు, యాభై ఒకటోది పుట్టకుండా. తక్కువ ఉంటేనే ధర. అది వ్యాపారం, తప్పు పట్టను. రవివర్మకి రాజుల దగ్గర కావలసినంత పేరుంది. తన బొమ్మ అందరికీ దొరక్కుండా ఉంటేనే ఆ పేరు నిలుస్తుంది. అయినా ఎన్ని కాగితాలుంటే అన్ని కాగితాల మీదికి ఎక్కించాడు. ఎవరింటికి వెళుతుందో, ఏ మేకుకి వేలాడుతుందో అడగలేదు.

మా ఇంట్లో ఒక పాత హంస దమయంతి పటం ఉంది. మా అత్తయ్యగారి నాయనమ్మది. దమయంతి చీర అంచు పొడుగునా అసలు జరీ కుట్టి ఉంటుంది, మెడలో పూసలు, జుట్టులో చమ్కీలు. ఆ రోజుల్లో దేశమంతటా ఆడవాళ్ళు ఇలా అచ్చుబొమ్మలకి బట్టలు కట్టి, నగలు పెట్టేవాళ్ళు. మూడేళ్ళ క్రితం పాత సామాను కొనే ఆయన ఒకడు వచ్చి, కాగితం మంచిదే గానీ ఈ జరీ, జిగురు వల్ల పాడయిపోయిందని ధర సగానికి తగ్గించాడు. అత్తయ్యగారు మాట్లాడకుండా పటం తీసుకెళ్ళి మళ్ళీ మేకుకి తగిలించారు. ఆయన వెళ్ళాక నాకు చెప్పారు. నాయనమ్మ ఒక్క బిడ్డ పుట్టేసరికే భర్తని పోగొట్టుకుందట. ఇక ఆమెకి తెల్లపంచె తప్ప మరొకటి లేదు. పెళ్ళిచీర మాత్రం పెట్టె అడుగున దాచుకుంది. ఎప్పుడో ఒకనాడు దాని అంచు కత్తిరించి దమయంతికి కుట్టింది. ఇంట్లో ఎవరూ ఏమీ అనలేకపోయారు, ఎంచేతంటే దేవుడి బొమ్మల వరసలో ఉన్న పటం కదా. నెలకోసారి దించి, తుడిచి, పూసలు సరిచేసేదట.

ఆ పాత సామాను ఆయనకి తెలియదు గానీ, ఇప్పుడు అలా అలంకరించిన పటాల్ని వెదికి కొని దాచుకునేవాళ్ళు ఉన్నారు. అత్తయ్యగారికి ఆ సంగతి చెప్పాను. అయితే ఏమిటన్నట్టు చూశారు.

అచ్చుబొమ్మ గుడి గడప దాటలేనివాళ్ళ ఇంటికి కూడా వెళ్ళింది. కులం పేరుతో గుడిలోకి రానివ్వని కాలం అది. రవివర్మ పుట్టిన తిరువాన్కూరులో ఆ కట్టుబాట్లు మరీ ఘోరం. లోపల ఉన్న మూర్తిని ఎన్నడూ చూడనివాడు కొద్ది డబ్బులకే లక్ష్మిని కొనుక్కుని ఇంటికి తెచ్చుకోగలిగాడు. రవివర్మ దీన్నంతా ఉద్యమంలా తలపెట్టాడని నేననను. బొమ్మలు అమ్ముకోవడానికే ప్రెస్సు పెట్టాడు. కానీ జరిగింది అది. తర్వాత 1936లో తిరువాన్కూరు గుళ్ళన్నీ అందరికీ తెరుస్తూ ఆజ్ఞ ఇచ్చిన రాజు చిత్తిర తిరునాళ్ ఈయన కూతురి మనవడే. రవివర్మ కూతుళ్ళ పిల్లలు ఇద్దర్ని 1900లో రాజకుటుంబం దత్తత తీసుకుంది. వాళ్ళలో సేతు పార్వతీబాయి కొడుకు ఆయన.

ప్రెస్సు మాత్రం లాభం కళ్ళచూడలేదు. 1896లో బొంబాయిలో ప్లేగు వచ్చింది. ఊరు ఖాళీ అయింది, పనివాళ్ళు పారిపోయారు. 1899లో లోనావాలా దగ్గర మాలవ్లీకి ప్రెస్సు తరలించారు. రాళ్ళు, యంత్రాలు అన్నీ మోసుకుని. భాగస్వామితో పొత్తు చెడింది, అప్పులు పెరిగాయి. చిత్రకారుడికి చిట్టా ఆవర్జాలు చూసే ఓపిక ఉండదు, పాపం తమ్ముడు మాత్రం ఎంతకని లాగుతాడు? చివరికి అందులోనే పనిచేసే జర్మన్ నిపుణుడు ఫ్రిట్జ్ ష్లైషర్‌కి బొమ్మల హక్కులతో సహా అమ్మేశారు. ఆ తర్వాత వ్యాపారం చక్కగా సాగింది! క్యాలెండర్లు, సబ్బుల ప్రకటనలు, అగ్గిపెట్టెలు, అన్నిటి మీదికీ దేవతలు ఎక్కారు. ఆ ప్రెస్సులో కొన్నాళ్ళు పనిచేసిన ఫాల్కే 1913లో రాజా హరిశ్చంద్ర సినిమా తీశాడు. మన పౌరాణిక సినిమాల్లో కిరీటాలు, పట్టుచీరలు, స్తంభాల మండపాలు చూస్తుంటే నాకు రవివర్మ బొమ్మలే లేచి నడుస్తున్నట్టుంటుంది.

ఇంతగా ఇళ్ళలోకి వచ్చినందుకే చదువుకున్నవాళ్ళు ఆయన్ని చిన్నచూపు చూశారు. హావెల్, ఆనంద కుమారస్వామి, సిస్టర్ నివేదిత గట్టిగా విమర్శించారు. ఇది ఇంగ్లీషువాళ్ళ పద్ధతి, నాటకాల వేషాలు, మన అజంతా సంప్రదాయం కాదన్నారు. బెంగాల్‌లో పుట్టిన కొత్త చిత్రకళ మా బందరు రోడ్డు దాకా వచ్చింది. మచిలీపట్నంలో 1910లో వెలిసిన ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ చటోపాధ్యాయ ఆ పద్ధతి నేర్పాడు, అడివి బాపిరాజు ఆయన దగ్గరే నేర్చుకున్నాడు. సన్నటి గీతలు, పలచటి నీటి రంగులు, ఎంతో అందమైన పని. అయినా ఉయ్యూరు నుంచి బందరు దాకా ఏ ఇంట్లో చూసినా గోడ మీద మాత్రం రవివర్మే.

నాకు ఆయన మీద ఉన్న ఫిర్యాదు వేరు. ఆయన దేవతలు, నాయికలు దాదాపు అందరూ పచ్చని ఛాయవాళ్ళే, నిండుగా బొద్దుగా ఉంటారు. చామనఛాయ పిల్ల బొమ్మలో ఉంటే ఎక్కడో పక్కన చెలికత్తెగా ఉంటుంది. ద్రౌపది నలుపని వ్యాసుడు చెప్పినా పటాల్లో తెలుపే. వందేళ్ళకి పైగా ఇంటింటా ఆ బొమ్మ వేలాడితే లక్ష్మీకళ అంటే ఏ రంగో మనసులో పడిపోదూ? పెళ్ళిచూపులకి వచ్చి, పిల్ల మహాలక్ష్మిలా ఉండాలని వెదికేవాళ్ళు వెదికేది ఆ అచ్చుబొమ్మ రంగునే. నూటికి నూరుపాళ్ళూ తప్పు ఆయనదే అనను, ఆ రంగు మోజు అంతకు ముందూ ఉంది. కానీ దాన్ని ఇన్ని గోడలకి ఎక్కించినవాడు ఆయనే.

భాగీరథీబాయి 1891లో పోయింది. నలభై కూడా నిండలేదు. బరోడా చిత్రాలకి జనం నీరాజనాలు పడుతున్న రోజులవి. 1893లో రవివర్మ ఒక ఇంటి బొమ్మ వేశాడు, నాన్న వస్తున్నారని పేరు. పసివాణ్ణి చంకనెత్తుకుని గుమ్మం వైపు చూస్తున్న తల్లి, పక్కన కుక్క. ఆ తల్లి ఆయన పెద్దకూతురు మహాప్రభ. వచ్చే నాన్న బొమ్మలో ఉండడు. దాని ఎదుట కూతురు నిలబడితే ఆయన ఏమనుకుంటూ వేశాడో గానీ, ఆయన వేసిన దేవతలందరి కంటే నాకు ఈ బొమ్మ దగ్గరే ఎక్కువసేపు నిలబడాలనిపిస్తుంది. అదే ఏడాది షికాగో ప్రపంచ ప్రదర్శనకి ఆయన పది చిత్రాలు వెళ్ళి బహుమతి తెచ్చుకున్నాయి. వివేకానందుడు మాట్లాడిన షికాగో, ఆ సంవత్సరమే.

1904లో ప్రభుత్వం కైసర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. 1905 జనవరిలో తమ్ముడు రాజరాజవర్మ పోయాడు. ఆ తర్వాత రవివర్మ ఎక్కువ కాలం లేడు. మధుమేహం ముదిరి 1906 అక్టోబరు 2న కిళిమానూరులోనే కన్నుమూశాడు. 58 ఏళ్ళు. ఆయన చేతి బొమ్మలు దేశం దాటి పోకూడదని 1979లో ప్రభుత్వం వాటిని జాతీయ కళాసంపదగా ప్రకటించింది. మాలవ్లీ ప్రెస్సు మాత్రం 1972లో నిప్పంటుకుని పోయింది.

అన్నట్టు, ఆ ఇంట్లో చిత్రకారులు ఇద్దరు కాదు, ముగ్గురు. వాళ్ళ చెల్లెలు మంగళాబాయి కూడా తైలవర్ణాల్లో దిట్ట. అన్నలు బరోడాకి, బొంబాయికి, ఉదయపూరుకి రైళ్ళెక్కి తిరుగుతుంటే ఆమె ఇంట్లో ఉండి వేసుకుంది. రాజులెవరూ పిలవలేదు, ప్రెస్సులో ఆమె బొమ్మ రాతికెక్కలేదు. ఆమె వేసిన అన్నగారి బొమ్మ ఒకటి తిరువనంతపురంలోని శ్రీచిత్ర ఆర్ట్ గ్యాలరీ ఆవరణలో ఉంది. అనంతపద్మనాభుడి దర్శనానికి ఆ ఊరు వెళ్ళేవాళ్ళు చాలామంది ఉంటారు కదా, ఒక పూట వీలు చేసుకుని చూసి రండి. ఆ ఆవరణలోనే మ్యూజియం, జంతుప్రదర్శనశాల ఉన్నాయి. పిల్లలకి కూడా కాలక్షేపం అవుతుంది.